మిర్చి గొడౌనులో కాపురం పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది చిలకలూరిపేట. మా తాతగారు 1958లో కట్టించిన గొడౌను ఊరి చివర ఉంది. మొదట్లో పొగాకు, తర్వాత పత్తి బేళ్ళు, చివరి పదిహేనేళ్ళు మిర్చి టిక్కీలు (బస్తాలు) పెట్టారు. కోల్డ్ స్టోరేజీలు వచ్చాక అడిగేవాళ్ళు లేరు, ఆరేళ్ళుగా తాళం వేసి ఉంది. లోపల 40 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు. సున్నంతో కట్టిన అడుగున్నర మందం ఇటుక గోడలు, చూరు దగ్గర 16 అడుగుల ఎత్తు, టేకు ట్రస్సులు (కప్పుని మోసే కర్ర చట్రాలు), పైన సిమెంటు రేకులు. లారీ ఎత్తుకి మూడున్నర అడుగుల అరుగు, మూడు షట్టర్లు. నేనూ మావారూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాం. హైదరాబాద్ అద్దె మానుకుని, అమ్మను తీసుకొచ్చి అక్కడే ఉండాలని ఆశ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. కంట్రాక్టరేమో రేకులు పీకి శ్లాబు వేద్దామంటాడు, లేదంటే మొత్తం కొట్టేసి కొత్తది కట్టుకోమంటాడు. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆ గోడకి మేకు కూడా కొట్టనివ్వలేదు. ఏం చేయమంటారు?

జవాబు: కొట్టెయ్యకమ్మా. శ్లాబూ వెయ్యొద్దు. అడుగున్నర మందం సున్నపు గోడ ఈరోజు ఎంత డబ్బు పోసినా కట్టించుకోలేవు. ఆ చేయి తిరిగిన మేస్త్రీలు లేరు.

మా ఇల్లు తెనాలిలో కాలవ పక్కన ఒకప్పటి రైసుమిల్లు గొడౌను. 2009లో కొన్నాం, 2011 సంక్రాంతికి పాలు పొంగించాం. అప్పటికి నేను రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా ఉన్నాను. ఆ రెండేళ్ళలో నాకు అర్థమైన సంగతి ఒకటే. గొడౌను సరుకు కోసం కట్టింది. సరుక్కి ఎండ పడకూడదు, చెమ్మ తగలకూడదు, నీళ్ళ పేరే ఎత్తకూడదు. మనిషికి వెలుతురు కావాలి, గాలి ఆడాలి, తెల్లారి లేచింది మొదలు నీళ్ళు పారాలి. నువ్వు చేయబోయే పనంతా ఈ తేడాని సర్దడమే. కాబట్టి ప్లాను గీయించే ముందు ఒక్క నెల ఏమీ చేయకు. కుర్చీ వేసుకుని లోపల కూర్చో. పొద్దున ఏ షట్టరులోంచి ఎండ వస్తోంది, సాయంత్రం గాలి ఎటునుంచి తిరుగుతోంది, వాన పడితే ఏ మూల చెమ్మ ఎక్కుతోంది, చూసి రాసుకో.

ఇక అసలు సంగతి. అందులో ఏం పెట్టారో చెప్పావు, మంచిది. దాన్ని పురుగు పట్టకుండా ఏం వాడారో ఎవరినైనా అడిగావా? పాత గుమాస్తా గానీ, హమాలీ మేస్త్రి గానీ ఊళ్ళో ఉంటే ఇంటికి వెళ్ళి అడుగు. మా గొడౌనులో గోడ మీద, ట్రస్సు ఆనే చోట, చిన్న అల్యూమినియం సీసా దొరికింది. మూత తుప్పు పట్టింది. పక్కనే గుడ్డలో కట్టిన బూడిదరంగు పొడి. మా వడ్రంగి దాన్ని ఊదబోతుంటే మా మిల్లు పాత వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి చేయి పట్టుకున్నాడు. అవి బస్తాల మధ్య పెట్టే బిళ్ళలు, అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. నల్లులు చావాలని పడక గదిలో ఇవి పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ వార్తలు నువ్వూ చదివే ఉంటావు. అటువంటి సీసాగానీ పొడిగానీ కనబడితే ముట్టుకోవద్దు, నీళ్ళు పోయొద్దు, తూములో వేయొద్దు, కారులో పెట్టుకుని వెళ్ళొద్దు. తలుపులన్నీ తీసి బయటికి వచ్చేసి, లైసెన్సున్న ఫ్యూమిగేషన్ (విషవాయువుతో పురుగు చంపే పని) వాళ్ళని పిలువు. ఇంకొకటి, బీహెచ్‌సీ అనే పురుగుమందు పొడి. మన దేశంలో దాన్ని 1997లో నిషేధించారు, అంతకు ముందు విచ్చలవిడిగా వాడారు. అది ఏళ్ళ తరబడి పోదు. నేల పగుళ్ళలో, గోడ మొదట్లో పేరుకున్న పాత దుమ్మంతా మాస్కు పెట్టుకుని తీయించాలి. పిల్లలు పాకే నేల అవుతుంది రేపు.

మిర్చి దుమ్ము సంగతి వేరు. గుంటూరులో ఒక మిర్చి గొడౌను చూడ్డానికి వెళ్ళినప్పుడు మేస్త్రి దగ్గరి కుర్రాడు పైపు పెట్టి గోడ కడగడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాల్లో అందరం బయట ఉన్నాం, ఒకటే దగ్గు, కళ్ళు తెరవలేకపోయాం. మిరప ఘాటు నూనె లాంటిది, నీళ్ళకి కరగదు, చెదిరి ఇంకా లోపలికి పోతుంది. చీపురూ వద్దు. పెద్ద వ్యాక్యూమ్ అద్దెకి తెచ్చి ట్రస్సుల మీదనుంచి కిందికి పొడిగా లాగించు. కర్ర గోడలోకి దిగే సందుల్లో వేలు మందాన ఎర్రటి పొడి ఉంటుంది, అక్కడ బ్రష్షుతో తీయాలి. ఆ తర్వాతే సబ్బునీళ్ళలో పిండిన గుడ్డతో తుడవడం. పొగాకు మరకలు సున్నం వేసిన వారానికి గోధుమరంగుగా పైకి తేలతాయి. కంగారు పడకు, మూడు నాలుగు పూతలు పడితే తగ్గుతుంది. తొలకరి రోజు పడమటి గోడ దగ్గర మీ తాతగారి పొగాకు వాసన మాత్రం వస్తుంది. మాకు ఇప్పటికీ తవుడు వాసన వస్తుంది. నాకు అది ఇష్టం.

రేకులు. 1958 నాటి సిమెంటు రేకంటే అందులో ఆస్‌బెస్టాస్ ఉన్నట్టే లెక్క. మన దేశంలో ఆస్‌బెస్టాస్ రేకుల అమ్మకం ఇంకా ఆగలేదు గానీ, ఏ రకం ఆస్‌బెస్టాస్ అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. రేకు కదలకుండా ఉన్నంతకాలం భయం తక్కువ. కోసినా, బెజ్జం వేసినా, పగలగొట్టినా కంటికి కనిపించని పోగులు లేచి ఊపిరితిత్తుల్లో కూర్చుంటాయి. జబ్బు ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళకి బయటపడుతుంది. అరవై ఏళ్ళు దాటిన రేకు పెళుసుబారి ఉంటుంది కాబట్టి మార్చమనే నా సలహా. ముందు తడపాలి. బోల్టులు విప్పి రేకుని రేకుగా తాడుతో దించాలి, పైనుంచి కిందికి విసరకూడదు. పనివాళ్ళకి పీ-100 రకం మాస్కులు నువ్వే కొనివ్వు, వాళ్ళు రుమాలు కట్టుకుని చేస్తామంటే ఒప్పుకోకు. దించినవి మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టించి, ఎక్కడికి పంపాలో కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో అడుగు. పశువుల కొట్టానికి ఇమ్మని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. ఇవ్వొద్దు. కష్టం మన ఇంట్లోంచి వాళ్ళ ఇంటికి పోతుంది, అంతే.

వాటి బదులు ఏం వెయ్యాలి? మంగుళూరు పెంకులు అందరికీ ఆశే. కానీ వాటికి వాలు బాగా ఎక్కువ కావాలి, బరువు కూడా రేకుకి రెండింతలు దాటుతుంది. మీ ట్రస్సులు దానికి చేసినవి కావు. రంగు రేకుల మధ్య రాక్‌వూల్ (రాతి ఉన్ని) నింపిన ప్యానెళ్ళు వెయ్యండి. ఫోము నింపినవి చవకే, కానీ నిప్పు అంటుకుంటే ఆగవు.

శ్లాబు ఎందుకు వద్దన్నానో లెక్క చెప్తాను, కంట్రాక్టరుకి చూపించు. రేకు బరువు చదరపు అడుగుకి కిలోన్నర. అయిదంగుళాల శ్లాబు దాదాపు 30 కిలోలు. నాలుగు వేల చదరపు అడుగులంటే 120 టన్నులు ఆ పాత సున్నపు గోడల మీదకి ఎక్కుతుంది. పైగా 40 అడుగుల వెడల్పు మధ్యలో స్తంభాలు, దూలాలు లేకుండా నిలవదు. ఆ స్తంభాలన్నీ దించాక అది గొడౌనూ కాదు, ఇల్లూ కాదు.

నేను చెప్పేది ఇది. ఆ గొడౌనుని ఇల్లు అనుకోకు, పెద్ద చెట్టు అనుకో. దాని నీడలో చిన్న ఇల్లు కట్టుకో. లోపల ఉత్తరం వైపు 1,400 చదరపు అడుగుల్లో మూడు పడక గదులు, ఒక ఆఫీసు గది, వంటిల్లు, బాత్‌రూములు వచ్చేస్తాయి. నాలుగంగుళాల గోడలు, పది అడుగుల ఎత్తున ఇనుప ఫ్రేము మీద తేలికపాటి కప్పు. ఆ కప్పుకీ పైన గొడౌను కప్పుకీ మధ్య కనీసం ఆరడుగుల ఖాళీ ఉంటుంది. వేడి అక్కడే ఆగి, నడికొప్పు (కప్పు శిఖరం) దగ్గర పెట్టిన తిరిగే వెంటిలేటర్లలోంచి బయటికి పోతుంది. ఏసీ గదులకే, నాలుగు వేల అడుగులకి కాదు. మీ జిల్లాలోనే రెంటచింతల ఉంది, మే నెల ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా! కప్పు తెల్లగా ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. వెలుతురు కోసం కప్పులో అద్దంలాంటి రేకులు పెట్టమంటారు, వాటి కింద మధ్యాహ్నం నిలబడలేవు. ఉత్తరపు గోడలో ఎత్తున కిటికీలు పెట్టు.

మిగిలిన 2,600 అడుగులూ వదిలెయ్. అందులో ఏం చేస్తామని బెంగ వద్దు. మా ఇంట్లో ఆ ఖాళీలో ఊయల బల్ల ఉంది, వడియాలు ఆరేస్తాం, మా మనవడు సైకిల్ నేర్చుకున్నాడు, వానాకాలంలో రెండు పెళ్ళిచూపులు కూడా అక్కడే జరిగాయి.

అమ్మగారి కోసం: అన్ని గదులూ అరుగు మట్టంలోనే ఉండాలి, లోపల ఒక్క మెట్టు కూడా వద్దు. బయటినుంచి ఎక్కడానికి ఏటవాలు దారి కట్టించు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు లెక్కన మూడున్నర అడుగులకి 42 అడుగులు. మధ్యలో ఆగడానికి అయిదడుగుల సమతలం కలిపితే 47. వంద అడుగుల గోడ పొడవునా అరుగు ఉంది కదా, సులువుగా సరిపోతుంది. ఒకవైపు చేతికి పట్టుకునే పైపు మరిచిపోకు.

నీళ్ళు వాడే గదులన్నీ ఒకే పక్క, బయటి గోడకి దగ్గరగా పెట్టు. సెప్టిక్ ట్యాంకు బయటే, పాత గోడకి కనీసం పది అడుగుల దూరాన. నేల తవ్వే ముందు గునపంతో అడుగడుగునా కొట్టి విను. డొల్లగా మోగితే కింద పందికొక్కులు బొరియలు చేసినట్టు. మాకు ఒకచోట నాలుగు బండ్ల మట్టి పట్టింది.

గోడలకి సిమెంటు ప్లాస్టరింగు చేయించొద్దు. ఇది బాధతో చెప్తున్నాను. మా తూర్పు గోడకి నేను ఊళ్ళో లేనప్పుడు పనివాళ్ళు సిమెంటు పూశారు. మొదటి ఏడు అద్దంలా ఉంది. రెండో వానాకాలానికి అడుగు ఎత్తున పొక్కి, వేలితో నొక్కితే పెచ్చు ఊడి, వెనక ఇటుక పిండిలా రాలింది. సున్నపు గోడ నేలలోంచి తేమ పీల్చుకుని గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే ఉప్పు ఇటుకలోనే పేరుకుని దాన్ని తినేస్తుంది. సిమెంటంతా చెక్కించి, సున్నమూ ఇసుకా కలిపి మళ్ళీ పూయించడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

షట్టర్ల చోట పెద్ద అద్దాల తలుపులు పెట్టాలని నీకు అనిపిస్తుంది. పెట్టుకో. కానీ తుపానులో అద్దం పగిలి ఒక్కసారిగా గాలి లోపలికి దూరితే కప్పుని కిందినుంచి పైకి ఎత్తేస్తుంది. 1977 నవంబరు 19 రాత్రి, దివిసీమ ఉప్పెనలో, మా బంధువుల మిల్లు కప్పు అలాగే లేచిపోయిందని మా మామగారు చెప్పేవారు. కాబట్టి అద్దానికి బయట పాత షట్టరుని ఉంచెయ్, వార్నింగు వచ్చిన రోజు దించుకోవచ్చు. ట్రస్సుని గోడకి పట్టే బోల్టులు, కప్పుని పట్టే హుక్కులు అన్నీ కొత్తవి వేయించు.

కాగితాలు: ముందు ఈసీ (ఆస్తి మీద అప్పులూ అమ్మకాలూ చూపే పత్రం) తీయించు. పాత గొడౌనులు సరుకు అప్పుల కింద బ్యాంకు తాకట్టులో ఉండిపోవడం మామూలే. మాస్టర్ ప్లానులో ఆ స్థలం ఏ జోనులో ఉందో మునిసిపాలిటీ పట్టణ ప్రణాళిక విభాగంలో రాతపూర్వకంగా తీసుకో. పరిశ్రమల జోను అయితే నివాసానికి మార్పు అనుమతి లేకుండా రూపాయి ఖర్చు పెట్టొద్దు. తర్వాత ఆస్తి పన్ను నివాసంగా మార్పించుకో. కరెంటు మీటరు రెండో కేటగిరీలోనో (వ్యాపారం) మూడో కేటగిరీలోనో (పరిశ్రమ) ఉంటుంది, ఇళ్ళకిచ్చే ఒకటో కేటగిరీకి దరఖాస్తు పెట్టు.

ఖర్చు ఎంతని అంకె అడగలేదు గానీ అడుగుతావని తెలుసు. నాలుగు వేల అడుగులకి కాదు, 1,400 అడుగులకి ఇంటి లెక్క, పైన కప్పుకి విడిగా లెక్క వేయించు. మాకు అనుకున్నదానికి మూడోవంతు ఎక్కువైంది, అందులో సగం దుమ్మూ నేలా తిన్నవే.

ప్రశ్న: హైదరాబాద్ బాలానగర్ వైపు చిన్న లేత్ వర్క్‌షాపు ఉన్న షెడ్డు అద్దెకి తీసుకున్నాను. కింద పని, పైన చెక్కలతో అటక వేసి నేనూ తమ్ముడూ ఉందామనుకుంటున్నాం. అద్దె మిగులుతుంది. పర్వాలేదా?

జవాబు: వద్దు నాయనా. 2022 మార్చిలో భోయిగూడ తుక్కు గొడౌనులో ఏం జరిగిందో గుర్తుందా? పైన నిద్రపోతున్న 11 మంది వలస కూలీలు తెల్లవారకుండానే మంటల్లో పోయారు. ఉన్నది ఒకటే మెట్ల దారి, అది కిందనుంచే. 2019 డిసెంబరులో ఢిల్లీ అనాజ్ మండీలో 43 మంది పోయిందీ ఫ్యాక్టరీలో పడుకునే. కింద నూనె, కటింగు నిప్పురవ్వలు, పైన చెక్క అటక, మధ్యలో నిచ్చెన. నువ్వు చెప్పిన ఏర్పాటు అచ్చం అదే. గొడౌనుని ఇల్లు చెయ్యడమంటే గొడౌను పని ఆపేసి చెయ్యడం. పని నడుస్తున్న షెడ్డులో పడుకోవడం ఇల్లు కాదు. తమ్ముడితో కలిసి పక్క బస్తీలో ఒక గది చూసుకో. ఈ రాత్రి నుంచే.

ప్రశ్న: విశాఖలో ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పాత పరిశ్రమలని ఇళ్ళుగా మార్చడం మీద సెమినారుకి మంచి ఉదాహరణ చెప్పండి.

జవాబు: అందరూ న్యూయార్క్‌లోని సోహో అనే పేట గురించే చెప్తారు. అక్కడ మిల్లులూ గోదాములూ ఖాళీ అయ్యాక చిత్రకారులు దొంగచాటుగా కాపురం పెట్టారు. 1971లో జోనింగు మార్చి కళాకారులకి అనుమతిచ్చారు, 1982లో అలా ఉంటున్నవాళ్ళకి రక్షణ ఇచ్చే లాఫ్ట్ చట్టం వచ్చింది. చట్టం మనుషుల వెనక నడిచిన కథ, చదువు. కానీ నీకు నేను చెప్పేది స్పెయిన్ ఆర్కిటెక్టు రికార్డో బోఫిల్ గురించి. 1973లో బార్సిలోనా పక్కన మూతపడ్డ సిమెంటు ఫ్యాక్టరీ కొన్నాడు. ముప్ఫైకి పైగా గాదెలు, కింద సొరంగాలు. ఆయన మొదట చేసింది కట్టడం కాదు, తీసెయ్యడం. ఏళ్ళ తరబడి కొట్టించి, ఎనిమిది గాదెలు మిగిల్చి, చుట్టూ చెట్లు నాటాడు. ఇల్లూ ఆఫీసూ అక్కడే, 2022లో పోయేదాకా. ఏది ఉంచాలో తెలియడానికి ముందు ఏది తీయాలో చూశాడు. సెమినారులో ఫోటోలు తక్కువ, సెక్షన్ డ్రాయింగులు (కట్టడాన్ని నిలువునా కోసినట్టు చూపేవి) ఎక్కువ చూపించు.

ప్రశ్న: మండపేట దగ్గర మా ధాన్యం గొడౌనులో ముందు భాగం ఇల్లుగా మార్చుకున్నాం. గోడ మీద హమాలీలు బొగ్గుతో గీసిన బస్తాల లెక్కలు ఉన్నాయి. మా అబ్బాయి సున్నం వేసేద్దామంటున్నాడు. పాత కాటా కూడా ఉంది. నాకు డెబ్బై రెండేళ్ళు. వాటిని ఉంచడం చాదస్తమా?

జవాబు: కాదండీ. ఆ గోడ ఒక్కటి నా మాట మీద వదిలెయ్యండి. నాలుగు నిలువు గీతలు, వాటిని కొడుతూ అడ్డంగా అయిదోది. మా ఇంట్లోనూ ఉన్నాయి, వంటింటి పక్క గోడ మీద, సరిగ్గా మనిషి భుజం ఎత్తులో. బస్తా దించి, ఊపిరి తీసుకుని, గీసిన గీత అది. "లాభం" అని మొదలుపెట్టి "రెండు, మూడు" అని సాగే ఆ లెక్క మీరు చెవులారా విన్నారు కదా. ఒకటి అనకుండా లాభం అనే ఆ మాట మీ అబ్బాయికి తెలుసో లేదో, గోడ ముందు కూర్చోబెట్టి చెప్పండి.

బొగ్గు గీతల మీద తడిగుడ్డ పెట్టొద్దు, వార్నిష్ అసలు వద్దు, పసుపెక్కి గోడని మూసేస్తుంది. మెత్తటి పొడి బ్రష్షుతో చుట్టుపక్కల దుమ్ము మాత్రం దులపండి. గోడకి రెండంగుళాలు ఎడంగా అద్దం పలక నిలబెట్టించండి. పైనా కిందా సందు ఉండాలి, గాలి ఆడాలి. మిగతా గోడలకి మీ అబ్బాయి ఇష్టప్రకారం సున్నం వేసుకోనివ్వండి.

కాటాకి కిరోసిన్ గుడ్డతో తుప్పు తుడిచి, తూనిక కడ్డీని మోసే కత్తి అంచులు ఆనే చోట సన్నగా గ్రీజు రాయించండి. కింద నాలుగు మూలలూ మట్టం చూడండి. మట్టంగా ఉంటే అది ఇప్పటికీ సరిగ్గా తూగుతుంది. తూకం రాళ్ళు పోగొట్టకండి.